మూలం కావాలి

ఆ వాక్యం రాసింది నేనే. ఇప్పుడు చెబితే నమ్మేవాళ్ళు లేరు గానీ, రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. కేశవ పోయిన పదమూడో రోజు. మధ్యాహ్నం మూడు దాటింది. వచ్చిన చుట్టాలు భోజనాలు ముగించి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశారు. నాకు నోట మాట రాక అప్పటికి పదమూడు రోజులు. పలకరించినవాళ్ళకి తలూపడమే తప్ప గొంతు పెగల్లేదు.

మా ఆయన చెన్నకేశవ పక్షుల కూతలు రికార్డు చేసేవాడు. నేను పక్షుల మీద పరిశోధన చేసి, కడప కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పంతొమ్మిదేళ్ళు ఇద్దరం కలిసి గుట్టలెక్కాం. ప్రతి రికార్డింగుకీ ముందు మైకులో వివరాలు చెప్పాలి, లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ టేపు ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టదు. తేదీ, చోటు కేశవ చెప్పేవాడు. గాలి ఎలా ఉంది, మబ్బుందా, అక్కడ ఎవరెవరం ఉన్నాం అన్నది నేను చెప్పేదాన్ని. ఆయన ఆపిన చోట నేను అందుకోవాలి. ఆలస్యమైతే మోచేత్తో పొడిచేవాడు. మూడు వేల పైచిలుకు టేపుల మొదట్లో మా గొంతులు ఇలా సగం సగం ఉంటాయి.

మేం ఎక్కువగా తిరిగింది రాతికముజు వెంట. కౌజుపిట్ట కంటే కాస్త పెద్దది, బండరాయి రంగులో ఉంటుంది. మెట్ట గుట్టల మీద తప్ప ఎక్కడా బతకదు. మగది "టికిట్టీ, టికిట్టీ" అని మొదలుపెడితే ఆడది "ర్రో" అని ముగిస్తుంది. వినేవాళ్ళకి ఒకే పిట్ట కూసినట్టుంటుంది. "వీటిక్కూడా మన అలవాటే అంటుకుంది చూడు ఇందూ" అనేవాడు కేశవ. ఒక మే నెలలో ఎర్రబోడు గుట్ట మీద, మైకు చేతిలో ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. ఫారెస్టు వాచర్ ఓబులేసు, నేను కలిసి కిందికి దించాం.

పదమూడో రోజున కేశవ కంప్యూటరు తెరిచాను. అందులో 'అందరికోశం' తెరిచే ఉంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞానకోశం అది. రాతికముజు గురించిన వ్యాసం మేం మొదలుపెట్టిందే. దాని అడుగున ఒక వాక్యం చేర్చాను: "జంటలో ఒకటి చనిపోతే రెండోది మళ్ళీ కూయదు, మూగబోయి కొన్నాళ్ళకే ప్రాణం విడుస్తుంది."

పక్షి గురించి రాయడం లేదని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. అలా జరగడం మేమెప్పుడూ చూడలేదు.

మర్నాటికి ఎవరో ఆ వాక్యం పక్కన చిన్న అక్షరాలతో 'మూలం కావాలి' అని తగిలించారు. కోశంలో అది మామూలే. ఆధారం చూపని మాట కనిపిస్తే ఆ గుర్తు పెడతారు. పెట్టినవాళ్ళది న్యాయమే. రేపు తీసేద్దాం, ఎల్లుండి తీసేద్దాం అనుకుంటూ రోజూ ఆ రెండు ముక్కలూ చూసేదాన్ని. ఒంటరితనానికి మూలం ఎక్కడ నుంచి తేను?

నాలుగు నెలలకి ఒక దినపత్రిక ఆదివారం పేజీలో అరపేజీ కథనం వచ్చింది. 'జంట పోతే గొంతు పోయే పిట్ట' అని శీర్షిక. రాసింది రామాంజనేయులు అనే రిపోర్టరు. చివర 'అందరికోశం ఆధారంగా' అని ఉంది. సోమవారం సాయంత్రానికి కోశంలో 'మూలం కావాలి' మాయమైంది. దాని బదులు ఒకటో నంబరు వేసి, కింద మూలంగా ఆ పత్రిక పేరూ తేదీ ఇచ్చారు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదో దాచను. ఆ వారం బస్సులో పక్క సీట్లో కూర్చున్న టీచరొకావిడ ఆ పిట్ట కథ నాకే చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఎవరో నన్ను పరామర్శిస్తున్నట్టే విన్నాను. నా పేరెత్తకుండా నా దుఃఖాన్ని ఊరూరా తలుచుకుంటున్నారు. సిగ్గు లేకుండా నాకది బావుంది.

తర్వాత అది నా చేతుల్లో లేకుండా పోయింది. టీవీలో వచ్చింది, పోటీ పరీక్షల పుస్తకంలో బిట్టుగా వచ్చింది, ఇంగ్లిషు పత్రికలకీ అక్కణ్ణుంచి పరిశోధన పత్రాలకీ పాకింది. ఏ గుట్ట మీదైనా కూత వినపడకపోతే సర్వేవాళ్ళు 'జంట పోయి మూగబోయింది' అని రాసేసి దిగిపోయేవారు. ఏడేళ్ళలో ఆ వాక్యం కింద పద్నాలుగు మూలాలు చేరాయి. గుట్టల మీద పిట్టలు మాత్రం ఏటేటా తగ్గిపోయాయి.

*

శర్వాణి నా దగ్గర పిహెచ్‌డి చేసిన పిల్ల. ఇప్పుడు హైదరాబాదులో ఒక ధ్వని పరిశోధనశాలకి పెద్ద. కిందటి జూలైలో ఎర్రబోడు మీద మిగిలిన ఒకే ఒక జంటలో ఆడదాన్ని ముంగిస పట్టుకుపోయిందని తెలియగానే, పది రోజుల్లో యంత్రం పట్టుకుని వాలిపోయింది. దాని పేరు జంటగొంతు.

చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, పైన సోలారు పలక. దాన్ని బండల మధ్య పెట్టి మేం దూరంగా కూర్చున్నాం. మగపిట్ట కాలికి ఎరుపూ పసుపూ రింగులున్నాయి. అది వచ్చి "టికిట్టీ, టికిట్టీ" అంది. డబ్బా "ర్రో" అంది. పిట్ట మెడ నిక్కించి నాలుగడుగులు ముందుకేసింది. మళ్ళీ కూసింది. ఈసారి డబ్బా గొంతు కాస్త తగ్గించి, కాస్త ఆలస్యంగా పలికింది, దగ్గరికొచ్చినవాడికి చెప్పినట్టు. గాలి వీచినప్పుడు గట్టిగా పలికింది. ఎండ ముదిరాక బద్ధకంగా పలికింది. చచ్చిపోయిన ఆడపిట్ట గొంతే అది. కేశవ టేపుల్లోంచి తీసి, ఏ వేళకి ఎలా పలికేదో అంతా నేర్పారు.

"ఇక మూగబోడు మేడమ్, చావడు. మన దగ్గరున్న ఆఖరి మగపిట్ట" అంది శర్వాణి. "బావుందా?"

నాకు కన్నీళ్ళు ఆగలేదు. సంతోషమనుకుని ఆ పిల్ల నా భుజం పట్టుకుంది. నా అబద్ధాన్ని అంత శ్రద్ధగా నమ్మిన మనిషి ముందు నోరు మెదపలేకపోయాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి పిడికెడు బియ్యం పడేసి వండుకున్నాను. పక్క పోర్షన్‌లో టీవీ వార్తల్లో జంటగొంతు గురించే చెబుతున్నారు. మనుషులకి కూడా ఇలాంటిది ఉంటే బావుణ్ణు అంటోంది ఆ ఇంటి కోడలు. నేను కంచం కడిగి బోర్లించి పడుకున్నాను.

పదకొండు నెలలు గడిచాయి. జూన్ మొదటి వాన పడ్డ మూడో రోజు ఓబులేసు ఫోన్ చేశాడు.

"అమ్మా, పాలబోడు మింద ఇంగొకటుండాది. ఆడది. మూడు దినాలాయ సూస్తాండా."

పాలబోడు, ఎర్రబోడుకి ఆరు కిలోమీటర్లు. మధ్యలో ఒక వంక, వానలకి పారే వాగు. మూగబోయిందని సర్వేవాళ్ళు కొట్టేసిన గుట్టల్లో అదొకటి.

"కూస్తోందా ఓబులేసన్నా?"

"ముందర అనేటోడు ల్యాకపాయె. దాని పాటికది ర్రో, ర్రో అంటాంది."

"మనవాడికి వినపడదా? వాన పడ్డాక జత కోసం మగవి పది మైళ్ళయినా తిరుగుతాయి కదా."

"వాడు యాడికి పోతాడమ్మా?" ఓబులేసు నవ్వాడు. "ఇంట్లో పెండ్లాం పలకతాంటే!"

మర్నాడు వెళ్ళి చూశాను. జంటగొంతు ముందర నేల శుభ్రంగా గీకి ఉంది. గూడు కోసం చేసిన గుంట. దాని పక్కన పిడికెడు ఎండిన ఉసుళ్ళు, వానకి నేలలోంచి లేచే రెక్కల పురుగులు. రాతికముజు మగది తను తినకుండా ఉసుళ్ళు తెచ్చి ఆడదాని ముందు పెడుతుంది. వీడు తెచ్చి డబ్బా ముందు పెడుతున్నాడు. అది తినడం లేదు, మళ్ళీ తెస్తున్నాడు. నేను చూస్తుండగానే ఒకటి తెచ్చి, కుప్ప మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. డబ్బా "ర్రో" అంది.

ఈ పిట్టలు గుడ్లు పెట్టేది వానలు మొదలైన మూడు వారాల్లోనే. వీడి వయసు ఎనిమిదేళ్ళు, మరో వాన చూస్తాడో లేదో. ఈ మూడు వారాల్లో వీడు ఆ గుట్ట దాటకపోతే రాతికముజు జాతి ఈ డబ్బా ముందే అంతమైపోతుంది.

*

హైదరాబాదు వెళ్ళి శర్వాణి ఎదురుగా కూర్చున్నాను.

"ఆ పెట్టె ఆపెయ్యి. మూడు వారాలు చాలు."

"ఆపితే చచ్చిపోతాడు మేడమ్. ఇదిగో, ప్రతిచోటా అదే ఉంది." తెర నా వైపు తిప్పింది. పద్నాలుగు మూలాలు.

"వాటన్నిటికీ మొదలు ఒకటే వాక్యం. కేశవ పోయిన పదమూడో రోజున నేను రాశాను. ఏమీ చూడకుండా రాశాను."

ఆ పిల్ల తెర తన వైపు తిప్పుకుని వాక్యం చరిత్ర తెరిచింది. కోశంలో ఏ మాట ఎవరు ఎప్పుడు చేర్చారో అంతా దాచి ఉంచుతారు.

"రాసింది సార్ ఖాతా నుంచి" అంది మెల్లగా. "సార్ చూడకుండా ఏదీ రాయరు మేడమ్. పాఠాల్లో మీరే కదా చెప్పేవారు!"

ఆ రోజు నేను కూర్చుంది కేశవ కంప్యూటరు ముందు. తెరిచి ఉన్నది కేశవ ఖాతా. ఏడేళ్ళుగా ఆ అబద్ధం నాది కాదు, ఆయనది. చెవులతో వింటే తప్ప అక్షరం రాయని మనిషి చేత, చనిపోయాక, దొంగసాక్ష్యం చెప్పించాను.

"ఆ తేదీ చూడు. అప్పటికి ఆయన లేడు."

"ముందే రాసి పెట్టుకున్నదేమో! మీరు సేవ్ చేసి ఉంటారు." గ్లాసులో నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. "సరే, మీరే రాశారనుకుందాం. చూడకుండా రాసింది నిజం కాకూడదని ఏముంది మేడమ్? అబద్ధమని మీరైనా చూశారా?"

బాగానే చదువు చెప్పాను ఆ పిల్లకి.

"మన సంరక్షణ కమిటీ ముందు పెట్టాలంటే అచ్చయింది ఏదో ఒకటి తెండి" అంది. "మీ మాట ఒక్కటీ సరిపోదు. నన్ను తప్పుగా అనుకోకండి."

ఆ రాత్రి బస్సులోనే ఫోన్ తీసి కోశంలో ఆ వాక్యం తొలగించాను. తొమ్మిది నిమిషాల్లో అది మళ్ళీ వచ్చి కూర్చుంది. సత్యశోధి అనే పేరుతో తిరిగే ఎడిటరెవరో చురక వేశాడు: 'ఆధారాలున్న సమాచారం తొలగించవద్దు.' ఇది రాసింది నేనే, నేను ఆయన భార్యని అని రాశాను. 'చెన్నకేశవ గారు గౌరవనీయులైన పరిశోధకులు. వారు రాసినదాన్ని వారి పేరు చెప్పి చెరపడం తగదు. సొంత అనుభవం మూలం కాదు. అచ్చయిన మూలం చూపండి' అని జవాబు. మర్యాదగానే రాశాడు. ఒకప్పుడు ఆ గుర్తు పెట్టింది కూడా ఇతనేనేమో అనిపించి, కోపం కూడా రాలేదు.

ఇక మిగిలింది రామాంజనేయులు. ఇప్పుడు ఆ పత్రికకి కడపలో పెద్ద రిపోర్టరు. కుర్చీ తెప్పించి, టీ తెప్పించి, అంతా విన్నాడు.

"సవరణ ఏస్తాం మేడమ్, దానికేముంది. కానీ డెస్కోళ్ళు ఆధారం అడుగుతారు."

"వాళ్ళు ఆధారం ఎక్కడ చూస్తారు?"

"అందరికోశంలోనే సూస్తారు."

"అందులో మూలం ఎవరిది?"

"మా పేపరే." నవ్వబోయి ఆగిపోయాడు. టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ పొద్దు మీకొక ఫోను కొట్టింటే అయిపోతాండె. ఆదివారం పేజీ శనివారం మద్యాన్నానికి నింపల్ల. బలే బాగుందని ఏసేసినా మేడమ్. మాయమ్మ గూడా సదివి ఏడ్సింది."

తప్పు నీది కాదు నాయనా అని చెప్పి బయటికొచ్చాను. ఎండలో బస్టాండు దాకా నడిచాను. ప్రపంచంలో ఆ వాక్యం అబద్ధమని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అది నిజంగా అబద్ధమేనా అన్నది నాక్కూడా తెలియదు.

*

జూన్ పంతొమ్మిదిన ఓబులేసుని వెంటబెట్టుకుని ఎర్రబోడు ఎక్కి, జంటగొంతు స్విచ్చి ఆపేశాను. ఎవరినీ అడగలేదు.

మొదటి రోజు వాడు అలవాటు ప్రకారం వచ్చి కూశాడు. జవాబు లేదు. మళ్ళీ కూశాడు. డబ్బా చుట్టూ తిరిగాడు. ఉసుళ్ళు తెచ్చాడు. ముక్కుతో సోలారు పలక మీద టక్ టక్‌మని కొట్టాడు. నేను బండ వెనక చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

రెండో రోజు నాలుగుసార్లు కూశాడు. మూడో రోజు అసలు కూయలేదు. రాతి కింద ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. సాయంత్రమైనా కదల్లేదు. తిండి ముట్టలేదు. నేను రాసింది అక్షరం పొల్లు పోకుండా నా కళ్ళ ముందే జరుగుతోంది.

"మల్లా ఏసేద్దామా అమ్మా?" అన్నాడు ఓబులేసు. "పాపం తగులుతాది మనకు."

నా చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. వేస్తే బతుకుతాడు. ఆ డబ్బా ముందు ఉసుళ్ళు కుప్పపోస్తూ, ఎవరూ తినని తిండి తెస్తూ, ఇంకో ఏడాదో రెండేళ్ళో బతుకుతాడు. ఏడేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే. ఆ వాక్యం ముందు కూర్చుని బతుకుతున్నాను. ఆయన పోయాక ఒక్క రికార్డింగు చెయ్యలేదు. మైకు ముందు తేదీ, చోటు చెప్పేవాళ్ళు లేరు, నా సగం ఎక్కడ అందుకోను?

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రాత్రి గుట్ట కింద ఓబులేసు గుడిసెలో పడుకున్నామన్న మాటే గానీ ఇద్దరికీ నిద్ర లేదు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఎక్కేసరికి రాతి కింద వాడు లేడు. గద్ద పట్టుకుపోయిందేమో అనుకున్నాను. ఇంతలో తూర్పు వాలు నుంచి వినపడింది.

"టికిట్టీ, టికిట్టీ."

తర్వాత నిశ్శబ్దం. ఎప్పటిలా ఎదురుచూస్తున్నాడు. ఎవరూ పలకలేదు.

అప్పుడు వాడే "ర్రో" అన్నాడు.

బాగా రాలేదు. బొంగురుగా, మధ్యలో విరిగింది. ఆడదాని పాట మగపిట్ట పాడగా పంతొమ్మిదేళ్ళలో మేం వినలేదు. మళ్ళీ తన సగం పాడి, ఆగి, ఆమె సగం కూడా తనే పాడాడు. పాడుకుంటూ వాలు దిగి వంక వైపు పోతున్నాడు. వంక అవతల పాలబోడు. సంచిలో ఏడేళ్ళుగా ఊరికే మోస్తున్న కేశవ రికార్డరు తీసి మీట నొక్కాను.

*

తర్వాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. అనుమతి లేకుండా యంత్రం ఆపినందుకు నన్ను కమిటీ నుంచి తీసేశారు. శర్వాణి ఫోన్ చేసి కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది. రామాంజనేయులు మాట నిలబెట్టుకుని వార్త రాశాడు. డెస్కువాళ్ళు దానికి 'మూగబోవాల్సిన పిట్ట కూసింది' అని శీర్షిక పెట్టి, అందరికోశం ప్రకారం జంట పోతే ఈ పక్షి మళ్ళీ కూయదనీ, ఇది అద్భుతమనీ కలిపారు. సత్యశోధి ఆ వార్తని కోశంలో పదిహేనో మూలంగా చేర్చాడు. వాక్యం అలాగే ఉంది.

కేశవ ఖాతా పాస్‌వర్డు ఆయన డైరీలో దొరికింది. దానితో లోపలికెళ్ళి ఆయన పేరు మీదే చెరిపేస్తే ఎవరూ కాదనరు. ఒక సాయంత్రమంతా తెర ముందు కూర్చుని, చెయ్యకుండానే మూసేశాను. ఆయన నోట్లో నా మాట పెట్టడం ఒకసారి చాలు. వ్యాసం కింద చర్చలు రాసుకునే పేజీలో నా పేరుతో మాత్రం రాశాను: "ఆ వాక్యం చెన్నకేశవ రాసింది కాదు. రాసింది ఇందుమతి. చూడకుండా రాసింది. జూన్ ఇరవై రెండున వాడు కూయడం విన్నాను." మర్నాటికి దాని పక్కన 'మూలం కావాలి' అని పడింది.

పాలబోడు మీద రెండు గొంతులు విన్నానంటాడు ఓబులేసు. నేనింకా వినలేదు, అందుకని దాని గురించి రాయను. రేపు పొద్దున్నే వెళ్తున్నాను.

మూలం అడిగినవాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఆ టేపొక్కటే ఉంది. అచ్చయింది కాదు కాబట్టి అది చెల్లదు. మొదట్లో గాలి, గులకరాళ్ళ చప్పుడు. తర్వాత బొంగురుపోయిన ఒక ఆడగొంతు.

"తేదీ ఇరవై రెండు, జూన్. చోటు ఎర్రబోడు, తూర్పు వాలు."

ఆ తర్వాత ఆరు సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఎన్నిసార్లు విన్నా ఆ ఆరు సెకన్లూ నాకు మోచెయ్యి తగులుతుందేమో అనిపిస్తుంది. తర్వాత మళ్ళీ అదే గొంతు.

"గాలి పడమట నుంచి, తక్కువ. మబ్బుంది. ఉన్నది ఓబులేసు, ఇందుమతి."